ఆరు గళ్ళలో సిమెంట్

పెళ్ళయి బెంగళూరు బళేపేటలోని అత్తవారింటికి వచ్చిన మొదటి వారంలో నాకు చెప్పిన నియమం ఒకటే. మామగారు క్రాస్‌వర్డు ముగించేదాకా ఎవరూ పేపరు ముట్టుకోకూడదు. తొంభైల మాట ఇది. ఆయన ఒక సర్కారు ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయిన మనిషి. తెల్లారగానే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వీధి వసారాలో కుర్చీ వేసుకుని, ఇంగ్లీషు పేపరు నాలుగు మడతలు పెట్టి పెన్సిలు చెక్కుకునేవారు. ఇక చూడాలి ఆ దర్జా! కొత్త కోడలిని కదా, నవ్వొచ్చినా నవ్వలేదు.

పదాన్ని పట్టిచ్చే క్లూని ఆయన లోపలే చదువుకునేవారు. పైకి మాత్రం గాల్లోకి చూస్తూ, "ఐదక్షరాలు, రెండోది ఓ, చివర వై" అనేవారు. అది ఎవర్నీ అడగడం కాదు. జవాబు చెబితే కోపం కూడాను. మా ఆయన, ఆడపడుచులు చిన్నప్పటినుంచీ ఈ అక్షరాల లెక్క వింటూ పళ్ళు తోముకున్నవాళ్ళే.

అత్తగారు కన్నడ బడిలో ఏడో క్లాసు దాకా చదివారు. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, బోర్డులు కూడబలుక్కుని చదవగలరు, అంతే. పొద్దుటిపూట ఆవిడ ఆయన పక్కన కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. కాఫీ లోటా అందించి గుమ్మంలోనే నిలబడేవారు. ఒకరోజు మామగారు, "ఆరక్షరాలు, మూడోది ఎమ్, చివర టీ" అన్నారు. అత్తగారు ఎదురుగా ఉన్న హార్డ్‌వేర్ అంగడి బోర్డు వైపు చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "సిమెంట్!" అన్నారు.

"సిమెంట్ కాదే. నీకేం తెలుసు, పో" అన్నారాయన తలెత్తకుండానే.

ఆవిడ వంటింట్లోకి వచ్చి నాతో మొర పెట్టుకున్నారు. "సూడమ్మా, ఆరే ఉండాయి. ఎమ్ ఉండాది, టీ ఉండాది. అన్నీ సరిపోయినా కాదంటాడే ఈ మనిషి! నేను చెప్పినాను కదా, అందుకే కాదు."

క్లూ అనేదొకటి ఉంటుందని, పదం దానికీ కుదరాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో పైకి వినబడింది అక్షరాల లెక్కే మరి! నేను చెప్పబోతే, "సుమ్నే ఉండమ్మా, నువ్వూ ఆయన పార్టీనే" అని నా నోరు మూయించారు.

రెండు వేలు దాటాక, నేను వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగానికి వెళ్తున్న రోజుల్లో, మామగారి చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, అంచుల నుంచి మొదలై లోపలికి. కంటి నరం దెబ్బతింది, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు.

ఆయన ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. పేపరు మానేశారు. తర్వాత గడ్డం గీసుకోవడం మానేశారు. ఆ తర్వాత మంచం దిగడమే మానేశారు. ఎంత పొద్దెక్కినా గోడవైపు తిరిగి పడుకునే ఉండేవారు. తిండి కూడా కతికీ కతకనట్టే. ఇలాగే వదిలేస్తే మనిషి మాకు దక్కరని నాకూ మా ఆయనకూ భయం పట్టుకుంది. పొద్దున్న క్లూలు చదివి వినిపిద్దామంటే నా కంపెనీ బస్సు తెల్లారేసరికల్లా వచ్చేసేది. సాయంత్రం చదువుతానంటే, "పొద్దుటి కాఫీ పొద్దుగూకినాక తాగుతారేమ్మా?" అన్నారు.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ గడ్డం గీసుకుంటున్నారని గమనించాను. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా కూడా కనబడింది. ఎందుకో ఒక బంద్ రోజున తెలిసింది. బస్సు రాలేదు, నేను ఇంట్లోనే ఉండిపోయాను. వసారాలో రెండు కుర్చీలు. ఒకదానిలో మామగారు, రెండోదానిలో పేపరు, పెన్సిలు పట్టుకుని అత్తగారు.

"ఐదు గళ్ళు ఉండాయి. రెండోది ఐ. చెప్పండి" అన్నారావిడ.

"టైగర్."

"ఆ, పట్టింది. ఇప్పుడు నాలుగు గళ్ళు. మొదటిది జీ."

"గోల్డ్."

"యాడుండాది మనకి గోల్డు!" అని ఆవిడ నవ్వుతూ రాసుకున్నారు.

మొదట్లో క్లూ ఏదని ఆయన గొడవ చేశారట. "అదంతా నాకు రాదప్పా, గళ్ళు నిండితే సాలదా?" అని ఆవిడ కొట్టిపారేశారట.

వెనకనుంచి తొంగి చూశాను. అయ్యో రామా! క్లూలకూ జవాబులకూ సంబంధమే లేదు. పదం కుదరని చోటల్లా ఆవిడ గడిని పెన్సిలుతో నల్లగా రుద్దేశారు. అచ్చులో అన్ని నల్లగళ్ళు ఉన్నాయి కదా, ఇదీ ఒకటి అనుకున్నారేమో.

నాకు ఒళ్ళు మండింది. ఎంత పద్ధతైన మనిషి! చూపు లేదని ఆయనతో ఇలా ఆడుకుంటారా? తెలిస్తే మళ్ళీ మంచం ఎక్కరూ? ఆవిడ పాలు చూడ్డానికి లోపలికి వెళ్ళగానే పేపరందుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను.

"మామయ్యా, నేను క్లూలు చదువుతాను, వినండి."

ఇంకా నింపని వాటిలో ఒకటి చదివాను. గళ్ళు ఎన్నో చెప్పకముందే జవాబు చెప్పేశారు. రెండోదీ అంతే. ఆయన మొహం విప్పారింది. నాకు భలే సంతోషమేసింది. ఇంతలో అత్తగారు కాఫీ లోటాతో వచ్చి గుమ్మంలో ఆగారు. కాసేపు విని, లోటా కిటికీలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మామగారు చెవి అటు పెట్టారు. "ఆమె యాడుండాది?"

"వంటింట్లో ఉన్నారు."

"సాలమ్మా. పెన్సిలు ఆమెకియ్యి."

"అత్తయ్య రాసేవన్నీ తప్పులే మామయ్యా. ఒక్కటీ క్లూకి కుదర్లేదు."

"నాకు తెల్దా?" అన్నారు, చాలా మామూలుగా. "నలభై ఏండ్లు సరిగ్గానే రాస్తి. ఒక్కన్నే కూసోని రాస్తి."

ఆయన వంటింటి వైపు తిరిగి గొంతు పెంచారు. "ఏమే! ఆరు గళ్ళు యాడన్నా ఖాళీ ఉండాయేమో వచ్చి సూడు. సిమెంట్ పెడదాము."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "జరుగమ్మా" అని నన్ను కుర్చీలోంచి లేపారు.