సారీ సారు

చెప్పుల దుకాణం మేనేజరుగారికి పనివాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు సారీ సారు. ఆ ఒక్క మాటతోనే ఈయనగారికి రోజంతా వెళ్లిపోతుంది. బస్సులో ముందువాణ్ణి మోచేత్తో పొడిచి ఎక్కడానికి సారీ. తెగిన చెప్పు వెనక్కి తెచ్చినవాళ్లను గడప దాటించడానికి సారీ. వినబడకపోతే సారీ, వినడం ఇష్టం లేకపోయినా సారీ. సొంత తమ్ముణ్ణి నలుగురిలో చవట అనబోయే ముందు కూడా, "సారీరా, ఉన్నమాట అనేస్తా" అని గొంతు సవరించుకుంటాడు. సారీ అన్న ప్రతిసారీ తన మర్యాదకు తానే మురిసిపోయి టై సర్దుకుంటాడు.

మొన్న ఆయన ఫోను కనబడలేదు. పక్కనే పనిచేస్తున్న సేల్స్ అమ్మాయి మీద అనుమానం వచ్చింది. "సారీ అమ్మా, నీ బ్యాగు చూడాలి" అంటూనే అందరి ముందూ నేలమీద కుమ్మరించాడు. దువ్వెన, టిఫిన్ డబ్బా, పసిపిల్లాడి మేజోడు ఒకటి పడ్డాయి.

"నేను తియ్యలేదు సార్," అందా అమ్మాయి ఏడుపు దిగమింగుకుంటూ.

ఎందుకైనా మంచిదని క్యాషియరు ఆయన నంబరుకు ఫోన్ చేస్తే, అరలోని బూట్ల పెట్టె మోగింది. పొద్దున ఎవరికో బూట్లు చూపిస్తూ అందులో ఫోను పెట్టి మూత వేసింది ఈయనగారే.

దుకాణమంతా ఆయన నోటికేసి చూసింది. ఆ నోరు తెరుచుకుంది, మూసుకుంది.

"సర్లే, గుడ్లప్పగించి చూస్తారేంటి? పని చూసుకోండి!"

నేలమీది దువ్వెనను దాటుకుంటూ ఫోను కోసం వెళుతుంటే ఖాళీ స్టూలు మోకాలికి తగిలింది.

"సారీ," అన్నాడు స్టూలుతో.