మువ్వలంటే పడని మావయ్య

“అసలు నీకు మువ్వలతో ఏం పాత కక్షయ్యా?” అని బేకరీ ఆయన ఒకనాడు నడివీధిలో మావయ్యను నిలదీశాడు.

మావయ్య తొణకలేదు. “కక్షేం లేదు. అవి మోగుతాయి. అదే నా బాధ” అని గొడుగు సర్దుకుని వెళ్లిపోయాడు.

లోకంలో కొందరికి దుమ్ము పడదు. కొందరికి పిల్లి వెంట్రుక పడదు. మావయ్యకు క్రిస్మస్ పాటల్లో మువ్వలు పడవు. పాట పడుతుంది, పియానో పడుతుంది, వయొలిన్ పడుతుంది, నలభై మంది కలిసి గొంతు చించుకున్నా పడుతుంది. కాని ఆ వెనక ఎక్కడో గలగలమని మువ్వలు మొదలయ్యాయంటే చాలు, ఆయన చెయ్యి ట్రాఫిక్ పోలీసు చెయ్యిలా పైకి లేస్తుంది. “ఆపండి!” డిసెంబరులో ఏ దుకాణం గడప తొక్కినా మువ్వల మోతే గనక, ఆ నెలంతా ఆయన చెయ్యి కిందికి దిగే సందు ఉండేది కాదు. ఆయనకు సొంత మేనకోడలు ఒక్కతే. అయినా ఊరందరికీ ఆయన మువ్వల మావయ్యే.

వింతేమిటంటే ఆయన చేసేది గడియారాల రిపేరు. దుకాణం నాలుగు గోడలా గంటలు కొట్టే గడియారాలే. పన్నెండు కొట్టిందంటే పక్కకొట్లో దర్జీకి సూది వేలిలో దిగుతుంది. ఆ మోత మధ్యలో కూచుని మావయ్య నింపాదిగా టీ తాగుతాడు.

“ఇన్ని గంటలు పడతాయి గానీ, వేలెడంత మువ్వ పడదా మావయ్యా?” అని మేనకోడలు ఒకసారి అడిగింది.

“గంటలు టైము చెబుతాయే. మువ్వలేం చెబుతాయి, మొహం!”

ఈ జవాబు విని ఆమె తల పట్టుకుంది. అలా పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. పగలు ఊరి లైబ్రరీలో కౌంటర్ దగ్గర పని, సాయంత్రం ఊరి క్రిస్మస్ పాటల బృందానికి కార్యదర్శి పని. కాగితాలూ కుర్చీలూ మైకులూ ఆమె పూచీ. బృందాన్ని నడిపించేది ఆమె తల్లి, అంటే మావయ్యకు స్వయానా అక్క. పాతికేళ్లుగా నలభై మంది ముందు నిలబడి ఆవిడ చెయ్యి ఎత్తితే గొంతులు లేస్తాయి, దించితే దిగుతాయి. ఇంట్లో ఒక్క తమ్ముడి మీదే ఆ చెయ్యి పని చెయ్యదు.

మంగలి షాపు సంగతి ఊరంతా చెప్పుకుంది. మావయ్య ఎడమ చెంప గీయించుకున్నాడు, కుడి చెంప నిండా సబ్బు నురగ ఉంది. రేడియోలో పాట మారింది. రెండో చరణంలో గలగల.

“ఆపండి!”

“ఒక్క నిమిషం అన్నగారూ, కత్తి చేతిలో ఉంది.”

“కత్తి ఉండనీ. ఆ మువ్వలు ఆపు.”

“అది రేడియో. నా మాట వింటుందా?”

మావయ్య మెడకున్న తుండుగుడ్డతో సహా లేచి బయటికి నడిచాడు. సగం గడ్డంతో ఒకరోజంతా దుకాణంలో కూచుని గడియారాలు బాగుచేశాడు. వచ్చినవాళ్లు కుడివైపు నించి చూసి ఆయన తాత వచ్చాడనుకున్నారు.

బేకరీ తలుపుకు మువ్వల దండ కట్టి ఉంటుంది. తలుపు తీస్తే గలగల, వేస్తే గలగల. అందుకని మావయ్య లోపలికి వెళ్లడు. రోడ్డు మీదే నిలబడి, అద్దానికి ముక్కు ఆనించి, “ఓ రొట్టె!” అని కేకేస్తాడు. అక్కకు కావలసిన రొట్టె కూడా ఆయనే తెస్తాడు. “నువ్వెందుకు, నేను వెళ్లి తెచ్చుకుంటాగా” అని అక్క అంటే, “నా కేకకు అలవాటు పడ్డారు వాళ్లు, నీకైతే పాచిది అంటగడతారు” అంటాడు.

ఇక ఇంట్లో రేడియో. డిసెంబరు ఒకటో తారీఖు పొద్దున్నే అక్క ఇంటికి వచ్చి, రేడియో పక్కన కుర్చీ వేసుకుని, వాల్యూమ్ మరను రెండు వేళ్లతో పట్టుకుని కూచుంటాడు. ఏ పాటలో ఎక్కడ మువ్వలు వస్తాయో ఆయనకు కంఠతా వచ్చు. పాటలకు ఆయన పెట్టిన తరగతులు మూడు. మువ్వ లేనిది మంచి పాట. ఒక్కచోట మోగేది అర మువ్వ పాట. మొదటి నించి చివరిదాకా మోగేది పశువుల సంత. అర మువ్వ పాట వచ్చిందంటే సరిగ్గా ఆ చోటికి ముందు మర తిప్పేస్తాడు, మువ్వలు అయిపోగానే మళ్లీ పెంచుతాడు. పాట మధ్యలో గొయ్యి పడుతుంది. ఏడేళ్లుగా ఈ గోతుల పాటలు వినీ వినీ, బయటెక్కడైనా ఆ పాట పూర్తిగా వినిపిస్తే మేనకోడలికి ఎవరో అదనంగా కలిపినట్టు తోచేది.

“ఒరేయ్, పండగ పూట ఈ పహరా ఏమిట్రా?” అంటుంది అక్క.

“నీకేం తెలుసు అక్కా, నా తల నాది.”

“ఉందా అసలు?”

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. ఏడేళ్ల కిందట బృందంలో కొత్తగా చేరిన పోస్టుమాన్ ఉత్సాహం పట్టలేక రిహార్సల్‌కు మువ్వల పట్టీ తెచ్చి ఊపాడు. వెనక బెంచీలో అక్క కోసం ఎదురుచూస్తూ కూచున్న మావయ్య ఉన్నట్టుండి లేచి, “ఆపండి! తల పగిలిపోతోంది!” అని గావుకేక పెట్టాడు. పోస్టుమాన్ మళ్లీ మువ్వ ముట్టలేదు. మావయ్య ఇంటికి మాత్రం ఓ నెల పాటు ఉత్తరాలు ఆలస్యంగా అందాయి.

అందరూ వయసు మీద పడిందన్నారు. మేనకోడలూ అదే అనుకుంది. అనుకుని ఊరుకునేదే. కాని ఈ ఏడు కచేరీ పాతికోది. హాలు అద్దె రెట్టింపైంది. ఖర్చంతా నేను పెట్టుకుంటానని బేకరీ ఆయన ముందుకొచ్చాడు, ఒక షరతు మీద. చివరి పాటకు బృందం వెనక నలభై మంది చిన్నపిల్లలు చేతులకు మువ్వల పట్టీలు కట్టుకుని ఊపాలి.

“డబ్బు నాది, మువ్వలు నావి” అన్నాడాయన. “మీ మావయ్య గనక మధ్యలో లేచి చెయ్యెత్తాడో, చెక్కు వెనక్కి తీసుకుంటాను. ముందే చెబుతున్నానమ్మాయ్.”

ఈ మాట చెబితే తల్లి ఒక్క క్షణం ఆగి, “మంచిదేగా, పిల్లలు ముచ్చటగా ఉంటారు” అంది. పాతికో కచేరీ కోసం ఏడాదిగా పాటలు ఏర్చి, కాగితాలు రాసి, వంటింట్లో గరిటె పట్టుకుని సాధన చేసిన మనిషి. మావయ్య నోరు మూయించలేకపోతే ఆ ఏడాది కష్టమంతా గంగపాలు.

కచేరీ మూడు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాల వేళ మేనకోడలు గడియారాల దుకాణానికి వెళ్లింది. ఒట్టు పెట్టించుకోవాలని బయలుదేరింది. అవసరమైతే ఏడుద్దామని కూడా నిశ్చయించుకుంది.

షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి తొంగిచూసింది.

లోపల టేప్‌రికార్డర్ పాడుతోంది. క్రిస్మస్ పాట. అర మువ్వ పాట కాదు, పచ్చి పశువుల సంత. మావయ్య కళ్లు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, చిన్న స్క్రూడ్రైవరుతో టేబులు అంచు మీద తాళం వేస్తున్నాడు. కాళ్లు రెండూ ఆడుతున్నాయి. మువ్వల మోత జోరందుకున్నచోట, “ఆహా!” అన్నాడు.

“మావయ్యా!”

టేప్‌రికార్డర్ మీద పడబోయి పక్కనున్న అలారం గడియారం మీద పడ్డాడు. అది మోగింది.

“నువ్వా! నేను... రిపేరు చేస్తున్నాను.”

“పాటనా?”

ఆయన లేచి షట్టరు పూర్తిగా దించేసి వచ్చాడు.

“నీకు మువ్వలు ఇష్టమా?”

“ప్రాణం” అన్నాడు మావయ్య, తప్పు ఒప్పుకుంటున్నట్టు. “డిసెంబరులో అవి లేకపోతే నాకు పాటే కాదు.”

“మరి ఏడేళ్లుగా ఈ వేషమేమిటి?”

“మీ అమ్మ చెవి” అన్నాడాయన.

పోస్టుమాన్ పట్టీ ఊపిన రోజున వెనక బెంచీ నించి ఆయన ఒక్కడే చూశాడు. ఆ మోత వినగానే అక్క మెడ పక్కకు తిరిగిపోయింది, ఎత్తిన చెయ్యి గాలిలో ఆగిపోయింది, కింది స్థాయిలో పాడేవాళ్లు ఒక వరస ముందే పాట అందుకున్నారు. ఇంకో క్షణమైతే అందరూ తలెత్తి చూసేవాళ్లే. అందుకే ఆయన లేచి అరిచాడు. అందరూ ఆయన్ను చూశారు.

“సన్నటి మోత మీ అమ్మ చెవిలో సూదిలా దిగుతుంది. ఆ తర్వాత కాసేపు అంతా హోరు. నా జబ్బే అని చెప్పి డాక్టర్ని అడిగొచ్చాను. ఆయన నా చెవిలో టార్చి వేసి, నీకు పాతికేళ్ల వాడి చెవులున్నాయయ్యా, ఫీజు ఎందుకు దండగ అన్నాడు.”

“అమ్మకు చెప్పొచ్చుగా?”

“అడిగాను. నా చెవులకేం, గుండ్రాయిలా ఉన్నాయంది. గట్టిగా అంటే ఏం చేస్తుందో నీకు తెలీదా? నావల్ల పాట చెడుతుందని తెలిస్తే మళ్లీ చెయ్యెత్తుతుందా? కర్చీఫు మడతపెట్టినట్టు బృందాన్ని మడతపెట్టి పక్కన పెట్టేస్తుంది.”

మేనకోడలికి వాల్యూమ్ మర గుర్తొచ్చింది. రొట్టె గుర్తొచ్చింది. ఏడుపుకు సిద్ధమై వచ్చిన కళ్లు ఇంకో కారణానికి ముందుకొచ్చాయి. ఆమె వాటికి అవకాశం ఇవ్వలేదు.

“కచేరీ నాడు ఏం చెయ్యాలనుకున్నావు?”

“మువ్వలు మొదలు కాగానే లేచి కుర్చీ విరగ్గొడదామని. నన్ను గెంటేస్తారు. గొంతులు చెదిరితే తప్పు నాదవుతుంది, మీ అమ్మది కాదు.”

“చెక్కు వెనక్కి పోతుంది, తెలుసా?”

“అక్కడే ఆగిపోయాను.”

మేనకోడలు టేబులు వంక చూసింది. సన్నటి చిమటాలు, వెంట్రుకంత స్క్రూడ్రైవర్లు, కంటికి తగిలించుకునే భూతద్దం.

“మావయ్యా, మువ్వలో మోగేదేమిటి?”

“లోపలి గుండు.”

“దాన్ని తీసేస్తే?”

మావయ్య ఆమె వంక చూశాడు. అంత తెలివి తన వంశంలో ఉందని ఆయనకు అంతవరకూ అనుమానం కూడా రాలేదు.

బేకరీ ఆయన ముందే పంపిన పట్టీల అట్టపెట్టె, కచేరీ నాటిదాకా ఆమె పూచీ మీద, లైబ్రరీ బీరువాలోనే ఉంది. నలభై పట్టీలు, పట్టీకి మూడేసి, మొత్తం నూట ఇరవై మువ్వలు. రెండు మధ్యాహ్నాలు ఆయన మువ్వ నోరు తెరిచి గుండు లాగడం, ఆమె సాసర్లో వేసి లెక్కపెట్టడం.

“నూట పందొమ్మిది” అంది ఆమె చివర్లో.

“మళ్లీ లెక్కపెట్టు.”

“నాలుగుసార్లు లెక్కపెట్టాను.”

“కింద దొర్లిపోయి ఉంటుంది” అన్నాడాయన, తనకే నమ్మకం లేని గొంతుతో.

కచేరీ నాడు హాలు కిటకిటలాడింది. మావయ్య మూడో వరసలో మేనకోడలి పక్కన బుద్ధిగా కూచున్నాడు. బేకరీ ఆయన మొదటి వరసలో కూచుని, ప్రతి పాటకూ వెనక్కి తిరిగి మావయ్య చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటున్నాడు. చివరి పాట వచ్చింది. నలభై మంది పిల్లలు వేదిక ఎక్కారు. మేనకోడలు తల్లి మెడ మీది నరాన్ని చూస్తోంది. ఆ నరం బిగుసుకుంది.

చెయ్యి లేచింది. పిల్లలు ప్రాణం పెట్టి ఊపారు. ఎనభై చేతులు గాలిలో ఆడాయి. చప్పుడు లేదు. నలభై గొంతులు మాత్రం, మధ్యలో ఏ అడ్డూ లేకుండా, హాలు కప్పు దాకా లేచాయి. తల్లి మెడ మీది నరం వదులైంది.

అప్పుడు ముందు వరసలో అందరికంటే చిన్న పిల్ల, అందరికంటే గట్టిగా ఊపింది. ఠింగ్!

ఎత్తిన చెయ్యి తటపటాయించింది. ఆ అరక్షణంలో మావయ్యకు దగ్గు ముంచుకొచ్చింది. మామూలు దగ్గు కాదు, పాత లారీ స్టార్టయినట్టు వచ్చింది. అక్క మెడ తిప్పి తమ్ముణ్ణి కళ్లతోనే కాల్చింది. ఆ కోపంతో తిరిగి ఎత్తిన చెయ్యి ఇక వణకలేదు. పిల్ల ఠింగుమన్నప్పుడల్లా మావయ్య దగ్గాడు. పాట దాన్ని మించి ఎగిరింది.

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. బేకరీ ఆయన అయోమయంగా చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. పక్కనున్న దర్జీని, “మువ్వలెలా ఉన్నాయండీ?” అని గుట్టుగా అడిగాడు. దర్జీకి ఒక్కటే వినిపించింది. తన చెవులు పోయాయని ఒప్పుకోవడం ఎందుకని, “బ్రహ్మాండం” అన్నాడు. “నాకూ బ్రహ్మాండంగానే వినిపించాయి” అన్నాడు బేకరీ ఆయన తొందరగా.

తల్లి వేదిక దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ముందు తమ్ముడి దగ్గర ఆగింది.

“చూశావురా? నూట ఇరవై మువ్వలు మోగాయి. కొంప మునిగిందా?”

“నా తల మునిగింది అక్కా” అన్నాడు మావయ్య, నుదురు పట్టుకుని.

“నోరు మూసుకో. కచేరీ అంతా దగ్గు ఒకటి.” తర్వాత బేకరీ ఆయన వైపు తిరిగింది. “ఎంత మంచి రకం మువ్వలు తెప్పించారండీ! చెవికి హాయిగా ఉన్నాయి. వచ్చే ఏడు ఇంకో నలభై పట్టీలు కలుపుదాం.”

మేనకోడలు కర్చీఫు నోట్లో కుక్కుకుంది. మావయ్య రెండు చేతులూ కోటు జేబుల్లో దాచుకున్నాడు. చిమటాలతో తొంభై తొమ్మిది, నూరు అని లాగిన వేళ్లు ఇంకా వాచి ఉన్నాయి.

మర్నాడు పట్టీలు తిరిగి లెక్కపెట్టుకుంటూ బేకరీ ఆయన ఒకటి ఊపి చూశాడు. ఇంకొకటి ఊపాడు. ఏకంగా పెట్టెనే ఎత్తి ఊపాడు. పది నిమిషాల్లో గడియారాల దుకాణంలో ఉన్నాడు.

“ఇది నీ పనే!”

“నా పనే” అన్నాడు మావయ్య. “మువ్వలంటే నాకు పడదని ఊరందరికీ తెలుసుగా.”

“పిచ్చివాడివయ్యా నువ్వు!”

“అనుకుంటే అనుకో. ఖరీదు చెప్పు.”

పక్కనే ఉన్న మేనకోడలు నోరు తెరవబోయింది. మావయ్య ట్రాఫిక్ పోలీసు చెయ్యి లేచింది. ఆమె ఆగిపోయింది.

బేకరీ ఆయన లెక్క కట్టి కాగితం ఇచ్చాడు. మోగే మువ్వను మినహాయించి నూట పందొమ్మిది. వాటిలో డెబ్బై ఒక్కటికి మావయ్య ఇప్పటికి డబ్బు కట్టాడు, నలభై ఎనిమిదింటిది ఇంకా బాకీ.