కొట్లాట లేని సంచికలు

సంబంధం కుదిర్చినప్పుడు మావాళ్ళు అబ్బాయి గురించి చెప్పిన మాట ఒక్కటే: నెమ్మదస్తుడు. రాయ్‌పూర్‌లో గూడ్సు బండి నడుపుతాడు, రైల్వే క్వార్టరుంది, సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఆ నెమ్మది ఎంత లోతో విజయనగరంలో ఎవరూ కొలిచి చెప్పలేదు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై మూడేళ్ళయిన రోజుల్లో కాపురానికి వచ్చాను. వారం తిరక్కుండానే తెలిసిపోయింది. ఆయన 'ఊఁ' అంటే అవునని. ఊరుకుంటే కాదని. ఇంతకు మించిన భాష మా ఇంట్లో వాడుకలో లేదు.

మంచం కింద ఇనప పెట్టె ఒకటి ఉండేది, తాళం వేసి. ఏ పుట్టలో ఏ పాముందోనని నాలుగు రోజులు కంగారుపడి, అయిదో రోజు తెరవమన్నాను. తెరిచారు. లోపల హిందీ కామిక్సు, కట్టలు కట్టలు. ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషి, యాభై ఎనిమిది వ్యాగన్ల బండిని లాక్కొచ్చే మనిషి, బొమ్మల పుస్తకాలు దాచుకున్నారు. అన్నింటి మీదా ఒకడే వీరుడు. ఆకుపచ్చ ముసుగు, భుజాల మీద దుప్పటి లాంటిదేదో, ఊపిరాడనంత బిగుతు బట్టలు. పగలు పోస్టాఫీసులో గుమాస్తా, ముసుగు వేసుకుంటే లోకరక్షకుడు. ఆయన స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ వీరుడు నెలకొకసారి లోకాన్ని రక్షిస్తూనే ఉన్నాడట. లోకం మాత్రం బాగుపడలేదు.

నాకు హిందీ రాదు. బళ్ళో నేర్చుకున్నది పరీక్షతోనే పోయింది. ఆయన డ్యూటీకి వెళితే రెండు రోజులకో మూడు రోజులకో గాని తిరిగి రారు. ఇంట్లో నేనూ, పెట్టెలో ఆ వీరుడూ. చేసేదేమీ లేక వాడి దగ్గరే హిందీ నేర్చుకున్నాను. బొమ్మ చూస్తే మాట అర్థమైపోయేది. నెల తిరిగేసరికి ధైర్యం వచ్చి గుఢియారీ బజారుకు ఒక్కదాన్నే వెళ్ళాను. చిక్కుళ్ళవాడు తూకంలో మోసం చేస్తుంటే కళ్ళారా చూసి, వచ్చిన హిందీలోనే నిలదీశాను. "తేరే పాపోం కా ఘడా భర్ చుకా హై" అన్నాను. నీ పాపాల కుండ నిండిపోయిందని. వాడు తక్కెడ కింద పెట్టేసి నా వంక చూశాడు. పక్క కొట్టువాడు వచ్చి చూశాడు. తూకం సరిచేసి, పైన కొత్తిమీర కూడా వేసి పంపించారు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ బజారులో నా పేరు కుండ భాభీ.

ఈ సంగతి చెబితే ఆయన నవ్వారు. పెళ్ళయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వాక పెట్టె అడుగు నుంచి చిన్న కట్ట ఒకటి తీసి నాకిచ్చారు.

"అవి ఛోడ్ దో. ఇవి చదువు. వీట్లో మార్‌పీట్ ఉండదు. మనుషులు మాటాడుకుంటారు."

అప్పటికి ఆయన నాతో ఏకబిగిన ఆడిన అతి పెద్ద ప్రసంగం అదే.

ఆ కట్ట కథ తర్వాత తెలిసింది. ఏళ్ళ తరబడి నెలనెలా ఒక దుర్మార్గుణ్ణి చావగొట్టేసరికి వీరుడికి కాకపోయినా రాసేవాళ్ళకు విసుగు పుడుతుంది కాబోలు, ఏడాదికో రెండేళ్ళకో ఒక సంచికలో కొట్లాటే ఉండదు. అట్ట మీద మాత్రం పిడికిలి బిగించిన బొమ్మే వేస్తారు, కొనేవాడికి అనుమానం రాకుండా. గుఢియారీలో రైలు పట్టాల పక్కన కామిక్సు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీసేవాడు. కొట్లాట లేని సంచిక తీసుకున్న పిల్లలు పావుగంటలో తిరిగొచ్చి వాడితో కొట్లాడేవారట. వాడు వాటిని గోనెసంచిలో పడేసి, మా ఆయన వచ్చినప్పుడు అప్పజెప్పేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. నన్ను చూసి పాపం జాలిపడ్డాడు.

"ఇస్మే కుఛ్ హోతా నహీ, భాభీజీ. బస్, చాయ్ పీతే రహ్‌తే హై."

ఏమీ జరగదట, ఎంతసేపూ టీ తాగుతుంటారట. అన్యాయం చెప్పకూడదు, అది నిజమే. ఒక దాంట్లో పాత విలన్ జైలు నుంచి విడుదలై తిన్నగా పోస్టాఫీసుకు వస్తాడు. ఇద్దరికీ వయసైపోయింది. బయట బల్ల మీద కూర్చుని సంచిక మొత్తం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఇంకో దాంట్లో వీరుడు కిటికీలోంచి ఎగిరి ఇంట్లోకి వస్తూ అద్దం పగలగొడతాడు. ఇక ఇరవై పేజీలు పెళ్ళాం చీవాట్లే. ఊరిని మంటల్లోంచి కాపాడినవాడు గ్యాసు బండ బుక్ చేయడం మరిచిపోయాడు. ఆవిడ నాకు బాగా నచ్చింది. ఆవిడ దగ్గర నేర్చుకున్న హిందీ ఇప్పటికీ పాలవాడితోనూ, కొళాయి బాగుచేసేవాడితోనూ పనికొస్తోంది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. మనుషులు మాట్లాడుకునే పుస్తకాలు ఏరి ఏరి దాచుకున్న మనిషికి, ఎదురుగా ఉన్న మనిషితో మాట రాదేం? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మీ ముసుగువాడు పెళ్ళాంతో మాటాడతాడు. మీకూ ఒక ముసుగు కుట్టించీమంటారా?"

"ఊఁ" అన్నారు, అన్నం కలుపుతూ.

ఇలా మూడేళ్ళు గడిచాయి. మూడో ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో, బీర్‌గావ్‌లో ఉండే మా పిన్ని కూతురికి సీమంతం. బాబాయి అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను కడుపారా తెలుగు మాట్లాడుకోగలిగిన ఇల్లు అదొక్కటే. పొద్దున్నే చీర కట్టుకుని, సున్నుండల డబ్బా సంచిలో పెట్టుకుని ఆయన కోసం చూస్తున్నాను. పదింటికి డ్యూటీ దిగి వచ్చారు. స్నానానికి వెళ్ళి గంటసేపు రాలేదు. వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"ఏమండీ, ఆటో వచ్చీసింది."

తల అడ్డంగా ఊపారు. తన డ్యూటీ సంచిలోంచి కామిక్సు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది చదువు."

అంతే. సీమంతానికి రానందుకు కారణం లేదు, సంజాయిషీ లేదు. బొమ్మల పుస్తకం. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని వంటింట్లో గిరాటు పెట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. అడిగినవాళ్ళందరికీ డ్యూటీలో ఉన్నారని అబద్ధం చెప్పాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన అదే మంచం మీద, అదే బట్టల్లో ఉన్నారు.

మర్నాడు వంటింటి అరలు కడిగాను. డబ్బాల కింద పరచడానికి పాత పేపర్లు చాల్లేదు. కామిక్సు కనిపించింది. పిన్నులు ఊడదీసి, పేజీలు విడగొట్టి, అరల నిండా శుభ్రంగా పరిచాను. నున్నటి కాగితం, అరకు కొలిచినట్టు సరిపోయింది. పగ తీర్చుకోవడంలోనూ పొదుపు చూపించానని నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉంది. మంచినీళ్ళ కోసం వచ్చి ఆయన అరల వంక చూశారు. ఏమీ అనలేదు. ఎప్పుడన్నారు గనక?

ఆ తర్వాత ఆయన సిక్కు పెట్టారు. ఒంట్లో బాగాలేదని డ్యూటీ మానడాన్ని రైల్వేలో అలాగే అంటారు. జ్వరం లేదు, దగ్గు లేదు. పెట్టె తెరవడం మానేశారు. క్వార్టర్ల వెనక నుంచి బండి పొడుగ్గా హారన్ కొడుతూ పోతే, లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పేవారు. హారన్ ఆగాక కొళాయి కట్టేసేవారు. ఏటయిందని అడిగితే "ఏటీ లేదు" అనేవారు. పదో రోజున, ఇంజిను మీద పని వద్దని, ఆఫీసులో ఏ మూల కూర్చోబెట్టినా చాలని అర్జీ రాశానన్నారు. చిన్నప్పటి నుంచీ ఇంజిను తప్ప మరో కోరిక ఎరగని మనిషి. అప్పుడు భయం వేసింది. ఈయన నా కళ్ళ ముందే ఎటో వెళ్ళిపోతున్నారనీ, ఎటో నాకు తెలియడం లేదనీ అర్థమైంది.

రెండు రోజుల తర్వాత కందిపప్పుకు పురుగు పట్టింది. స్టూలు ఎక్కి డబ్బా దించితే కింద పేజీ బయటపడింది. వీరుడు బస్టాపులో కూర్చుని ఉన్నాడు. ముసుగు చేతిలో నలుగుతోంది. పక్క డబ్బా తీశాను. ఎవరిదో ఇంటి తలుపు. కొట్టడానికి చెయ్యెత్తాడు. కింది బొమ్మలో చెయ్యి దించేశాడు. ఒక్కొక్కటే డబ్బాలన్నీ దించి, నేల మీద డబ్బాల మధ్య కూర్చుని, అంకెల వరసన పేజీలు పేర్చుకుని చదివాను.

మొదటి పేజీకే అంతా అయిపోయింది. వంతెన మీంచి ఒక ముసలాయన జారి పడ్డాడు. వీరుడు వచ్చేసరికి రెప్పపాటు ఆలస్యం. తన్నడానికి విలన్ లేడు, ఎవరి తప్పూ లేదు. మిగతా పేజీలన్నీ వీరుడు ఊళ్ళో నడుస్తుంటాడు. ముసలాయన ఇంటి దాకా వెళ్ళి తలుపు కొట్టలేక వెనక్కి వస్తాడు. ఇంట్లో పెళ్ళాం ఏమైందని అడుగుతుంది. "కుఛ్ నహీ" అంటాడు, ఏమీ లేదని. ఆఖరి పేజీ నూనె డబ్బా కింద ఉండిపోయింది. నూనె పీల్చి రెండు వైపుల బొమ్మలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆవిడతో ఏం చెప్పాడో నాకు తెలియలేదు.

చేతులకంటిన పప్పు పొడి కూడా దులుపుకోకుండా గదిలోకి వెళ్ళాను.

"ఎవరండీ?" అన్నాను.

"ఎవరేటి?"

"మీ బండి కింద."

ఆయన గోడ వైపు తిరిగారు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టారు.

"ముసలాయన. తిల్దా స్టేషను దాటేక. గొడుగేసుకుని పట్టా దాటుతున్నాడు. హారన్ కొట్టేను. బ్రేకు వేసీసేను. లోడు బండి, ఎక్కడాగుతాది? తిరిగి చూసేడు. నా వేపే చూసేడు."

"తర్వాత?"

"తర్వాత ఏటుంది? దిగి చూసేను. స్టేషన్లో మెమో రాసిచ్చేను. సిగ్నల్ ఇచ్చీసేరు. బండి తెచ్చీసేను."

సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు. ఇది మూడోదట. మొదటిది పెళ్ళికి ముందు. రెండోది నేను వచ్చిన ఏడాదే. ఆ రోజున నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఏదో హిందీ మాటకు అర్థం అడిగి విసిగించి ఉంటాను. ముగ్గురి ఒంటి మీదా ఏ రంగు బట్టలున్నాయో ఆయనకు తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మూడేళ్ళు మాట్లాడమని ప్రాణం తీసిన నేను, ఆ పూట ఒక దశలో, ఇక ఆపితే బాగుండునని అనుకున్నాను. ఆపమని మాత్రం అనలేదు.

చివర్లో, ఆ పుస్తకం ఇవాళే చదివానని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశారు.

"చదివీసి పరిచీసేవనుకున్నాను" అన్నారు.

కోపం లేకుండా, చాలా మామూలుగా అన్నారు. పన్నెండు రోజులు ఆ మాట లోపల పెట్టుకుని, నేను వండింది తిని, ఆ అరల ముందే తిరిగారు. నేను ఏడ్చాను. ఆయనే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

అర్జీ వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ప్యాసింజరు బండ్లు నడుపుతున్నారు. నెమ్మదితనం తగ్గలేదు. ఆ ఒక్క సాయంత్రంతో మాటకారి అయిపోతారనుకుంటే అది నా తప్పు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గనక, నేనే అడగడం మొదలుపెట్టాను. మిగతా ఆడవాళ్ళు మొగుడు గడపలోకి రాగానే భోంచేశారా అంటారు. నేను "ఎవరైనా?" అంటాను. ఆయన "లేదు" అంటారు. అప్పుడు కంచం పెడతాను. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య ఎక్కువసార్లు నడిచిన సంభాషణ ఇదే.

మొన్న చలికాలంలో ఒక పొద్దున వచ్చి చెప్పులు విడుస్తుంటే అడిగాను. లేదు అనలేదు. "ఆడమనిషి. చిన్నదే" అని గుమ్మంలోనే నేల మీద కూర్చుండిపోయారు. పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాను. అడగడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. విన్నాక ఏమనాలో ఇప్పటికీ తెలియదు.