పిన్నులు వదిలిన పొట్ట

2021లో, ఉద్యోగ విరమణకు కొన్నేళ్ల ముందు, షార్జాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ కన్సల్టెంట్‌గా చేరాను. స్థూలకాయానికి ఆపరేషన్లు చేసే విభాగం మాది. నేను కొత్తగా చేసే ఆపరేషన్ల కంటే, ఎక్కడో చేయించుకుని మళ్లీ లావెక్కి వచ్చినవాళ్లను పరీక్షించడమే ఎక్కువగా ఉండేది.

రాజేశం అలా వచ్చినవాడే. జగిత్యాల దగ్గరి మనిషి, ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో క్రేన్ ఆపరేటర్. పదేళ్ల కిందట సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు, అక్కడి ఒక చిన్న ఆసుపత్రిలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాడు. కొన్నేళ్లు సన్నగా ఉన్నాడు. ఆ తర్వాత తగ్గిన బరువంతా తిరిగి వచ్చింది. కంపెనీ డాక్టరు ఇక క్రేన్ ఎక్కనివ్వనన్నాడు.

"ముదీర్, అదే మా మేనేజరు, మొఖం మీదనే చెప్పిండు సార్. ఈసారి ఫిట్‌నెస్ రాకుంటే ఖలాస్ అన్నడు" అన్నాడు.

పక్కనే కూర్చున్న భార్య లత ఊరుకోలేదు. "దొంగతనంగ తింటున్నడు సార్. వంటింటికి తాళమేస్తే బయట తినొస్తున్నడు. లేకుంటే ఇంత బరువెట్ల పెరుగుతది?"

రాజేశం తల ఎత్తకుండా జవాబు చెప్పాడు. "తింటున్న. కాదంటలేను. మొదట్ల ఒక్క ఇడ్లీ తింటె కడుపు నిండేది. ఇప్పుడు పళ్లెం ఖాళీ జేసినా నిండుత లేదు. ఏడికి పోతున్నదో నాకే తెల్వదు."

ఆ ఆపరేషన్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. పొట్ట పైభాగంలో నిమ్మకాయంత సంచిని వేరుచేసి, దానికి నేరుగా చిన్నపేగును కలుపుతాం. మిగిలిన పెద్ద పొట్ట లోపలే ఉంటుంది గాని, అన్నం అందులోకి పోదు. కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపించేది సంచి చిన్నది కావడం వల్లనే. బరువు తిరిగి పెరగడానికి కారణాలు చాలా ఉంటాయి. తీపి పానీయాలు, ఎడతెగని చిరుతిళ్లు వాటిలో ముఖ్యమైనవి. అందుకే అనుమానం ముందుగా రోగి మీదికే పోతుంది. రాజేశాన్ని అంతకుముందు చూసిన డాక్టర్లు ఇద్దరూ నోరు కట్టుకోమని చెప్పి పంపేశారట. ఒక్కరూ లోపల చూడలేదు.

మత్తు ఇచ్చి ఎండోస్కోపీ మొదలుపెట్టాను. నాకు సాయంగా సిస్టర్ సుగుణ ఉంది. నరసాపురం అమ్మాయి, ఆ గదిలో చాలా ఏళ్ల అనుభవం. గొట్టం అన్నవాహిక దాటి చిన్న సంచిలోకి దిగింది. చిన్నపేగులోకి పోయే దారి కనిపించింది. అంతా సరిగ్గానే ఉంది. గొట్టాన్ని కొద్దిగా పక్కకు తిప్పేసరికి, మూసుకుని ఉండాల్సిన గోడలో ఇంకో దారి కనిపించింది. అందులోకి పోనిచ్చాను. తెర మీద ఒక్కసారిగా పెద్ద పొట్ట, దాని మడతలు, అడుగున పసరు!

"అయ్యబాబోయ్! ఇది పాత పొట్టే కదండీ డాక్టర్ గారూ!" అంది సుగుణ.

వేల పొట్టలు చూసినవాణ్ణి. అయినా గొట్టం వెనక్కి లాగి, మళ్లీ అదే దారిలో పోనిచ్చి చూశాను. సంచిని పెద్ద పొట్ట నుంచి కోసి విడదీయకుండా, రెంటి మధ్య సర్జికల్ స్టేప్లర్‌తో పిన్నుల వరస మాత్రం వేసి వదిలేశారు. కాలక్రమంలో ఆ పిన్నులు ఊడి దారి తెరుచుకుంది. అతను తిన్నదంతా ఏళ్ల తరబడి పాత పొట్టలోకే పోతోంది. మందు తాగించి తీసిన ఎక్స్‌రేలోనూ అదే తేలింది.

మత్తు దిగాక ఇద్దరినీ కూర్చోబెట్టి ఫొటో చూపించాను. లత ముఖం పాలిపోయింది. "పిల్లల ముంగట తిట్టిన సార్" అని మాత్రం అంది. రాజేశం ఫొటో వైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఎన్నడు తెగింది సార్?"

చెప్పలేనన్నాను. ఎవరూ చెప్పలేరు.

అసలు పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. మొదటి ఆపరేషన్ వివరాల కోసం, అది చేసిన సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. విడదీయలేదా అని అడిగితే, "లేదండీ. ఆ రోజుల్లో నేను అందరికీ అలాగే చేసేవాణ్ణి" అన్నాడు.

అందరికీ! ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది తిట్లు తింటున్నారో! వాళ్లను పిలిపించి చూడమని గట్టిగా చెప్పాను. దొరికినవాళ్లను పిలుస్తానన్నాడు. పిలిచాడో లేదో నాకు తెలియదు.

రాజేశానికి మళ్లీ ఆపరేషన్ చేశాను. పాత ఆపరేషన్ వల్ల లోపల అన్నీ అతుక్కుపోయి ఉండడంతో చాలా కష్టమైంది. దారి తెరుచుకున్న భాగాన్ని తీసేసి, సంచినీ పొట్టనీ పూర్తిగా కోసి వేరుచేశాను. బరువు మొదటిసారి తగ్గినంత తగ్గలేదు. రెండో ఆపరేషన్‌తో అంత ఆశించకూడదని ముందే చెప్పాను. ఫిట్‌నెస్‌కు మాత్రం అది సరిపోయింది. మళ్లీ క్రేన్ ఎక్కాడు.

బరువు తిరిగి పెరిగిన ప్రతివాడి లోపలా ఇలాంటి దారి ఉండదు. తిండి వల్ల పెరిగేవాళ్లే ఎక్కువ. కానీ ఏది ఎవరి విషయంలో నిజమో, లోపల చూడకుండా చెప్పకూడదు. ఆపరేషన్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది రోగి పట్టుదల మీద ఎంత ఆధారపడుతుందో, సర్జన్ ఆ రోజు కోశాడా, పిన్నులు వేసి వదిలేశాడా అన్నదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది.