తెర మీద అన్న పేరు

మొన్న కొత్త ఫోను కొన్నాను. తెర వెలగగానే, పాత ఫోనులో ఉన్నవన్నీ మళ్లీ వెనక్కి తెచ్చుకుంటారా అని అడిగింది. దుకాణంలోని అమ్మాయి నా తరఫున తనే ఔనని నొక్కేసి తర్వాతి పనిలో పడింది గానీ, నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. అట్లా వెనక్కి తేవడమే ఒకప్పుడు నా ఉద్యోగం.

ఉమ్మడి రాష్ట్రం నాటి మాట. సూర్యాపేటలో ఒక చిన్న కంపెనీ రైసు మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చేది. మిల్లులెక్కువగా మిర్యాలగూడలో ఉండటంతో, అక్కడ ఎరువుల దుకాణం పైన గది కిరాయికి తీసుకొని నన్ను కూర్చోబెట్టారు. భార్యాపిల్లలు సూర్యాపేటలోనే ఉండిపోయారు. గదిలో ఒకటే పెద్ద కంప్యూటరు, దాని లోపల ఒక్కో మిల్లు కంప్యూటరుకు ఒక్కో నకలు. కొత్త మార్పు ఏదొచ్చినా ముందు నకలు మీద నడిపి చూడాలి. నడిపేముందు దాన్ని ఉన్నదున్నట్టు భద్రపరచుకోవాలి. చెడితే మళ్లీ ఆ స్థితికి తేవాలి. దాన్ని స్నాప్‌షాట్ అనేవాళ్లం, సేట్లకు అర్థం కావాలని నేను ఫోటో అనేవాణ్ని. కోదాడ రోడ్డు మీది మిల్లు సేటు ఆ మాట విని, మొదటిసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కంప్యూటరుకు కుంకుమబొట్టు పెట్టి, దాని పక్కన బుద్ధిగా నిలబడ్డాడు పాపం!

నకలులో జరిగింది అసలు మిల్లులోకి పాకకూడదని నా గదికి నెట్ తీగ కూడా ఇవ్వలేదు. పరీక్ష కోసం రైతుల్ని నేనే పుట్టించేవాణ్ని. పాలకీడు నుంచి ఒకాయన, పెద్దవూర నుంచి ఒకాయన. రోజంతా వాళ్లచేత వడ్లు తోలించి, సాయంత్రం పాత ఫోటో పెడితే ఒక్కరూ మిగిలేవారు కాదు. ఆ లేని మనుషులతో పైకే మాట్లాడుతున్నానని ఒకరోజు నాకే తెలిసొచ్చి భయమేసింది. ఆదివారం ఇంటికి పోయేదాకా పలకరించే దిక్కు లేదు మరి.

మాది గరిడేపల్లి. అక్కడ మా అన్న ఉండేవాడు, బస్సెక్కితే ఎంతో దూరం కాదు. కానీ గొర్ల మంద అమ్మే దగ్గర మాటా మాటా పెరిగి, ఏళ్ల తరబడి మాటల్లేకుండా పోయాయి. పెళ్లిళ్లలో ఎదురుపడ్డా ముఖాలు తిప్పుకొనేవాళ్లం. నాన్న పోయాక నన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్లింది ఆయనే. ఆ గదిలో కూర్చుంటే ఆయన ఊరికే గుర్తొచ్చేవాడు. వెళ్లి పలకరించాలని ఎంతో ఉండేది, పలక్కపోతే ఏం చెయ్యాలన్న భయం కాళ్లకు అడ్డం పడేది.

ఒక వరికోతల కాలంలో ఆ కోదాడ రోడ్డు మిల్లులో కొత్త మార్పు పెట్టాం. నా గదిలో అంతా చక్కగా నడిచింది, అయితే నా గదిలో ట్రాక్టర్లను తూచే కాంటా లేదు కదా. మిల్లులో నిండు ట్రాక్టరు తూకం కంప్యూటర్లోకి ఎక్కుతోంది గానీ, వడ్లు దించి వచ్చిన ఖాళీ ట్రాక్టరు తూకం ఎక్కడం లేదు. నేను పోయేసరికి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. మార్పుకు ముందురోజు మిల్లు కంప్యూటరుకు తీసిన ఫోటో పెడతానన్నాను.

"పెడితె పొద్దటి తూకాలు ఉంటయా?" అన్నాడు సేటు.

ఉండవన్నాను.

"ఇగ ఎట్ల సారూ? వడ్లన్నీ కుప్పల కలిసె! మళ్ల తూసుడు యాడయితది?"

నిజమే. అందుకని తెర మీది తూకాలు ముందు కాగితం మీదికి ఎక్కించి, ఒక్కో రైతునూ పేరు పెట్టి పిలిచి సరేననిపించుకొని, ఆ తర్వాతే వెనక్కి పోదామనుకున్నాం. గుమస్తా రాస్తున్నాడు, నేను గట్టిగా పిలుస్తున్నాను. కొన్ని పేర్లయ్యాక తెర మీద మా ఇంటిపేరు, దాని పక్కన మా అన్న పేరు. తలెత్తి చూస్తే కాంటా అవతల, తలకు రుమాలు చుట్టుకొని, ట్రాక్టరు చక్రానికి ఆనుకొని ఆయనే. నన్ను ముందే చూసినట్టున్నాడు, ముఖం రోడ్డువైపు పెట్టుకున్నాడు.

బుద్ధెరిగాక అన్నను పేరు పెట్టి పిలిచింది లేదు, మా ఇళ్లలో ఆ అలవాటే లేదు. పిలవబోతే నోరు రాలేదు. గుమస్తా కలం పట్టుకొని నా వంక చూస్తున్నాడు, వెనక హారన్లు మోగుతున్నాయి. చివరికి అంతమందిలో "అన్నా!" అని కేకేశాను. ఆ పిలుపుకు పలకదగినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నా ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఆయనే ఇటు తిరిగాడు.

"ఆఁ, సెప్పు తమ్మీ."

ఆయన తూకం చదివాను. సరిగ్గానే ఉందన్నాడు. పోకుండా అక్కడే నిలబడి, బువ్వ తిన్నవా అని అడిగాడు. నేను ఫోటో పెట్టి, పొద్దటి తూకాలు చేత్తో ఎక్కించి, కాంటా మళ్లీ కదిలించేదాకా ఉండి, ట్రాక్టరు నీడన తన సద్దిలో సగం నాకు పెట్టాడు. మంద మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ తర్వాత మిర్యాలగూడ వచ్చినప్పుడల్లా నా గది మెట్లెక్కేవాడు, మంచం మీద కూర్చొని ఏదో ఒకటి మాట్లాడేవాడు. అదీ ఎంతోకాలం సాగలేదు, దవాఖానలో చేర్చిన అన్నను ఇంటికి తెచ్చుకోలేకపోయాం.

ఇప్పుడు ఆ మిల్లులో తూకం నేరుగా రైతు ఫోనుకే పోతుందట, కాంటా దగ్గర ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదట. మంచిదే, ఎండలో నిలబడే పరేషాన్ తప్పింది. మా వీధిలో చిన్నా పెద్దా చాలామంది నన్ను అన్నా అనే పిలుస్తారు, నేనూ పలుకుతాను. నేను అన్నా అని పిలవడానికే ఎవరూ లేరు.