గుర్రాలశాలలో మొదటి గుక్క

ఈ ప్రయాణానికి కారణం ఒక వీడియో కాల్. మా బామ్మర్ది శ్రీను ఫుజైరా దగ్గర ఒక గుర్రాలశాలలో పనిచేస్తాడు. జగిత్యాల దగ్గరి పిల్ల లావణ్యతో వాడికి లగ్గం ఖాయమైంది. పిల్ల తండ్రి గంగారాంతో మాట్లాడుతూ మాట్లాడుతూనే వీడు ఎండాకు నింపిన సొరకాయ బుర్రలో స్టీలు గొట్టం పెట్టి పీల్చాడట. ఇంకేముంది, పిల్లగాడు గంజాయి తాగుతున్నాడని ఆయన లగ్గం ఆపేశాడు. శ్రీను ఎంత చెప్పినా నమ్మలేదు.

మా ఇంటామె ఊరి నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. "నువ్వు పొయ్యి కండ్లార చూసి చెప్పు. నీ మాటైతే గంగారాం కాక ఇంటడు."

ఆదివారం పొద్దున్నే షార్జాలో నేనుండే అల్ నహ్దాలో టాక్సీ పట్టుకుని జుబైల్ బస్టాండుకు చేరాను. ఏడున్నరకు ఫుజైరా బస్సు, టికెట్టు ఇరవై అయిదు దిర్హాములు. వెళ్లేవాళ్లు కుడివైపు, ఎడమవైపు అని చూడక్కర్లేదు, రెండు వైపులా ముందు ఇసుక, తర్వాత రాతికొండలే. నాకైతే ఏదీ కంటికి ఆనలేదు. ఈ దేశంలో గంజాయి అంటే లగ్గం సంగతి తర్వాత, ముందు జైలే. పక్క సీట్లో నెల్లూరు పెద్దాయన, క్రేన్ ఆపరేటరు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"గుర్రాల దగ్గరికా? ఆడ అర్జెంటీనావోళ్లు ఉండారబ్బా. గుర్రాలు గూడా వాళ్ల మాటే ఇంటాయి," అన్నాడు.

నిజమే. పదింటికి నేను వెళ్లేసరికి శ్రీను ఒక ఎర్రగుర్రాన్ని "వామోస్, వామోస్" అంటూ నడిపిస్తున్నాడు, అర్జెంటీనావాళ్ల భాషలో "పద, పద" అని. అక్కడ పనిచేసే పెషావర్ వాళ్లదీ అదే మాట. రోజంతా మనుషుల్ని "యల్లా" అని తరిమే ముదీర్, అదే మేనేజరు కూడా గుర్రం దగ్గరికొచ్చాడంటే "వామోస్" అంటాడట. ఇదంతా కార్లోస్ చలవ. పోలో గుర్రాలతో పాటు అర్జెంటీనా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలాయన. గుర్రాల తోకలకు జడ అల్లడం వీళ్లందరికీ ఆయనే నేర్పాడు. ఆయన మాత్రం వీళ్ల దగ్గర హిందీ నేర్చుకున్నాడు.

పని ఆగగానే అందరూ రేకుల నీడన గుండ్రంగా కూర్చున్నారు. శ్రీను బుర్ర బయటికి తీశాడు. ఆకు నింపి, వేడినీళ్లు పోసి, గొట్టం పెట్టి మొత్తం తనే పీల్చేశాడు. మళ్లీ నీళ్లు పోసి అదే గొట్టంతో నాకు అందించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందిరా, ఇంత దూరమొస్తే బావకు ఎంగిలి ఇస్తవా?"

నా మొహం చూసి అందరూ నవ్వారు. కార్లోస్ మాత్రం నవ్వలేదు. "పహలా వాలా బహుత్ కడ్వా. బనానేవాలా పీతా. మెహమాన్ కో నై."

"చేదంత మొదటి నీళ్లకే దిగుతది బావా," అన్నాడు శ్రీను. "అది పోసేటోడే తాగాలె, సుట్టానికి ఇయ్యొద్దు. రెండేండ్ల సంది కార్లోస్ ఆ పని నాకిచ్చిండు."

ఎంగిలి సంగతి మరిచి తాగాను. పచ్చగడ్డి వాసన, వేపాకు కషాయం వంటి చేదు. రెండో నీళ్లే ఇట్లా ఉంటే మొదటివి ఎట్లా ఉంటాయో! మత్తు లేదు, గిత్తు లేదు. ఆకు ప్యాకెట్టు మీద అరబ్బీ అక్షరాలు. వెనకటికి అర్జెంటీనా వలసపోయి తిరిగొచ్చిన సిరియావాళ్ల తాతలు ఈ అలవాటు ఇంటికి తెచ్చుకున్నారట, అందుకే షార్జా దుకాణాల్లోనూ దొరుకుతుంది. బామ్మర్దిని అనుమానించినందుకు సిగ్గేసింది. మధ్యాహ్నం వాళ్లతోనే పప్పు, రొట్టె తిన్నాను.

మూడింటి బస్సులో తిరుగు ప్రయాణం. ఎక్కడి అర్జెంటీనా, ఎక్కడి జగిత్యాల! ఈ ఎడారిలో ఒక ముసలాయన మర్యాద మా వాడికి అబ్బింది. కొండలు దాటి సిగ్నల్ రాగానే గంగారాం కాకకు వీడియో కాల్ చేసి శ్రీను ఇచ్చిన ఆకు ప్యాకెట్టు చూపించాను.

"గంజాయి కాదు కాకా, చాయ్ అసొంటిది. నేను గుడ తాగిన."

"అందరు ఒక్క గొట్టంతోనా? థూ!"

ముసలి కార్లోస్ నేర్పిన మొదటి గుక్క సంగతి చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. ఇంతలో లావణ్య ఫోన్ లాక్కుంది.

"అన్నా, చేదు ఆయన తాగి, మంచిది మందికి పోస్తడా?"

"ఔ చెల్లె. నా కండ్లతోని చూసిన."

"నాయినా, నేను ఈయిన్నే చేసుకుంట," అని ఫోన్ తండ్రి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

గంగారాం కాక బిడ్డ పోయిన దిక్కు చూసి నా వైపు తిరిగాడు.

"లగ్గానికి ఆ ముసలాయిన్ని గుడ తోల్కరమ్మను," అన్నాడు.