ఆరాధనకు ముందు అప్‌డేట్

టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా తెలుగు చర్చిలో పాటలు తెర మీద చూపించే ప్రోగ్రామ్ నేనే రాశాను. అందులో నెట్‌లో ఉచితంగా దొరికే ఊళ్లోవాళ్ల కోడ్ కూడా చాలానే వాడుకున్నాను. అలాంటి కోడ్‌లో ఇప్పటికే బయటపడ్డ లోపాలను వెతికిపెట్టే కమాండ్ ఒకటుంది. ఒక ఆదివారం ఆరాధనకు ముందు, ఊరికే ఉండలేక, దాన్ని నడిపాను. లాప్‌టాప్ నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒళ్లు మండి అన్నీ అప్‌డేట్ చేసేశాను. మళ్లీ నడిపితే ఒక్క లోపమూ లేదంది. హాయిగా కాఫీ తెచ్చుకున్నాను.

ఆరాధన మొదలై, మొదటి పాటకు కీబోర్డు వాయించారు. తెర మీద తెలుగు అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు ప్రత్యక్షమయ్యాయి. ముందు కుర్చీలోని ఆంటీ వెనక్కి తిరిగారు.

"లాస్ట్ వీక్ బాగానే వచ్చింది కదా బాబూ. ఏం చేశావు?"

"అన్నీ ఫిక్స్ చేశాను ఆంటీ."